సముద్రం లేని ఊళ్ళో తుఫాను పనులు

పోయిన నెలలో ఒక ఉదయం నర్సింలు ఫోన్ చేశాడు. పటాన్‌చెరులో మా పాత ఇంటిని నా దగ్గర కొనుక్కున్నది ఆయనే. గోడౌన్ కట్టుకోవడానికి ఆ ఇంటిని పడగొట్టిస్తున్నాడని నాకు ముందే తెలుసు. అమ్మేసిన ఇంటి మీద మనకేం హక్కుంటుందని, ఆ వైపు వెళ్ళకుండా ఉండాలని గట్టిగా అనుకున్నాను కూడా.

“మేడం, జెర ఒకసారి వచ్చి పోతరా? మీ బాపు గోడలల్ల గింత ఇనుము ఎందుకు పెట్టిండో సమజైతలేదు. జేసీబీ ఆయన పొద్దుగాల్నుంచి పరేషాన్ ఉన్నడు. లోపల కరెంటుదేమన్న ఉందేమోనని పనోళ్లు భయపడుతున్నరు.”

“కరెంటు లేదండీ. భయమేం లేదని చెప్పండి,” అన్నాను. ఎందుకు పెట్టాడో మాత్రం ఫోన్లో చెప్పలేకపోయాను. వస్తానన్నాను.

నేనుండే పోతిరెడ్డిపల్లి నుంచి షేర్ ఆటోలో మెయిన్ రోడ్డుకి, అక్కడ్నుంచి బస్సులో పటాన్‌చెరుకి వెళ్ళేసరికి ఎండ బాగా ముదిరింది. ముందు గది అప్పటికే లేదు. వరండా రేకులు ఒక పక్కన దొంతరగా పేర్చి ఉన్నాయి. వెనక గోడ ఒక్కటే నిలబడి ఉంది, దాని మీద నేలనుంచి కప్పుదాకా ఇనుప మెట్లు. కప్పు అంచున నాన్న బిగించిన ఇనుప కడియాలు నాలుగు తుప్పు పట్టి, అయినా వంగకుండా అలాగే ఉన్నాయి. నర్సింలు నాకు ప్లాస్టిక్ కుర్చీ వేయించి, నీళ్ళ బాటిల్ చేతికిచ్చి, తాను పక్కన నిలబడ్డాడు.

“మా నాన్న తుఫాను కోసం పెట్టుకున్నాడండీ ఇవన్నీ,” అన్నాను.

“తుఫానా?” అని నవ్వి, నా మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు. “ఈడికి తుఫాను యాడికెళ్లి వస్తది మేడం?”

చిన్నప్పుడు ఏటా దసరా వెళ్ళిన మర్నాటి నుంచీ వీధి వీధంతా మమ్మల్ని అడిగిన ప్రశ్నే అది. నర్సింలుకి నాకు తోచినంత చెప్పి, గోడ పడకముందే బస్సెక్కి వచ్చేశాను. చెప్పకుండా మిగిల్చుకున్నదంతా ఆ రోజు నుంచీ నాతోనే తిరుగుతోంది. ఇంట్లో వినేవాళ్ళెవరూ లేరు కనక ఇక్కడ రాస్తున్నాను.

నాన్న పేరు జ్ఞానరత్నం. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోని ఒక చిన్న ఊరు ఆయనది. ఐటీఐ చదివి, పటాన్‌చెరు దగ్గరి ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా చేరాడు. నన్ను బళ్ళో వేయడానికని ముందుగా నన్నొక్కదాన్నే వెంటబెట్టుకుని తీసుకొచ్చాడు. అమ్మ, పాలు తాగే తమ్ముడు పంట నూర్పిళ్ళు అయ్యాక రావాలి. ఆ లోపల తుఫాను వచ్చింది. దాని వెనకే ఉప్పెన వచ్చింది. ఊరికి వెళ్ళేటప్పుడు నన్ను మా కిరాయి ఇంటివాళ్ళ దగ్గర వదిలి, వారం తర్వాత గడ్డంతో, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. తేవడానికి అక్కడ ఏమీ మిగల్లేదట, ఒక్క ఫోటోతో సహా. అమ్మ మొహం నాకు గుర్తు కూడా లేదు. ఎవరైనా అమ్మ పోలికలు నీలో ఉన్నాయని అని ఉంటే వెళ్ళి అద్దంలో చూసుకునేదాన్ని, అయితే అలా అనడానికి అమ్మని చూసినవాళ్ళు ఈ ఊళ్ళో నాన్న తప్ప ఎవరూ లేరు, నాన్న ఎప్పుడూ అనలేదు.

తర్వాతి ఏడాదికి రెండు గదుల ఇల్లు లేచింది. మేమిద్దరమే అందులో. నాన్నకి వారానికొక షిఫ్టు మారేది. పొద్దుటి షిఫ్టయితే నేను లేచేసరికి ఆయన ఉండడు. అన్నం గిన్నె మీద మూత, మూత మీద పుస్తకం, పుస్తకం మీద నా రిబ్బన్లు మడతపెట్టి ఉండేవి. మధ్యాహ్నం షిఫ్టయితే బడి నుంచి వచ్చి తాళం నేనే తీసుకోవాలి. ఖాళీ ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు ఏ వాసన వస్తుందో తాళం చెవి మెళ్ళో వేసుకుని తిరిగిన పిల్లలకే తెలుస్తుంది. మా ఇంట్లో అది గ్రీజు మరకల ఖాకీ బట్టల వాసన, ఎండు చేపల వాసన, తూర్పు గాలి వీచే రోజుల్లో గడ్డపోతారం మందుల కంపెనీల వైపు నుంచి వచ్చే ఘాటు. నాన్నకి వచ్చింది రెండే కూరలు, చింతపండు పులుసు, వంకాయ వేపుడు. ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళం. ఆయన ఎప్పుడూ చివరి వరసలో, ద్వారం పక్కనే కూర్చునేవాడు. అందరూ పాడుతుంటే పెదవులు కదిపేవాడు కానీ గొంతు వినబడేది కాదు.

సాయంత్రం ఇంట్లో ఉంటే రేడియో పెట్టేవాడు. పాటలొస్తే తగ్గించి, వాతావరణ విశేషాలు రాగానే పెంచేవాడు. ఎక్కాలు రాకముందే నాకు వాయుగుండం అన్న మాట వచ్చు. ఏ రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో విని, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి కూర్చునేవాడు. సముద్రం మాకు ఎన్ని వందల మైళ్ళ దూరంలో ఉందో బళ్ళో పటం చూపించి చెప్పారు. ఆ సంగతి నాన్నకి చెబితే “తెలుసమ్మా” అన్నాడు, అంతే.

దసరా వెళ్ళగానే పని మొదలయ్యేది. స్లాబు మీద నాచు గీకడం, ఎండలో పగుళ్ళిచ్చిన చోటల్లా ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము ఊది, తారు పోయడం. వరండా రేకుల కొక్కేలు ఒక్కొక్కటీ తట్టి చూసి, వదులైనవి మార్చడం. కిటికీ గడియలకి నూనె. తలుపుల వెనక అడ్డకర్ర సరిగ్గా కూర్చుంటోందో లేదో చూడటం. కర్మాగారంలో పారేసిన ఇనుప ముక్కలు అడిగి తెచ్చుకుని, వెనక గోడకి మెట్లు అతికించింది ఆయనే. కడియాలు గోడలోంచి పునాదిదాకా వెళ్ళే కడ్డీలకి బిగించింది ఆయనే. కప్పు మీద ఒక మూల మూత ఉన్న ఇనప్పెట్టె ఉండేది, అందులో తాడు, టార్పాలిన్, డబ్బాలో అటుకులు, బెల్లం. బెల్లానికి చీమలు పట్టాయేమోనని నెలకోసారి చూసేవాడు.

ఈ పనులన్నిట్లోనూ తోడు నేనే. ఇటుకల పొయ్యి మీద తారు డబ్బా కాగుతుంటే పొగ నా జుట్టుకి పట్టేది, ఎన్నిసార్లు తలంటుకున్నా పోయేది కాదు. “నీ దగ్గర కొత్త రోడ్డు వాసనొస్తది” అని క్లాసులో పిల్లలు నా పక్కన కూర్చునేవాళ్ళు కాదు. అన్నిటికంటే నాకు ఇష్టం లేనిది చివరి పని. నాన్న నన్ను ఇనుప మెట్ల ముందు నిలబెట్టి, “కళ్ళు మూసుకో. ఇప్పుడు ఎక్కు,” అనేవాడు. తాను వెనకే, చేతులు చాచి. నేను కాలితో తడుముకుంటూ ఎక్కేదాన్ని. పైకి చేరాక కళ్ళు తెరిచి చూస్తే, కింద పక్కింటి గుమ్మంలో బాలమణత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని మమ్మల్నే చూస్తుండేది.

“ఏంది సారూ, మల్ల షురూ చేసినవా? ఆడపిల్లకు సర్కస్ నేర్పిస్తున్నవా ఏంది? ఈడ సముద్రం యాడుంది?”

“ఏమో అమ్మా, ఎవరు చెప్పొచ్చారు,” అనేవాడు నాన్న, అంతకు మించి మాట పెంచకుండా.

బాలమణత్త మంచిది. భర్త గడ్డపోతారంలో మందుల కంపెనీలో పనిచేసేవాడు. తుంటి విరిగి మంచాన పడ్డ అత్తగారు పోచవ్వని ఆమె ఒక్కతే చూసుకునేది. నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చింది కూడా ఆమే. కానీ నాన్నకి ‘తుఫాను సారు’ అని పేరు పెట్టింది ఆమే, ఆ పేరు వీధి దాటి, బడిదాకా వచ్చింది. అక్కడ నన్ను ‘తుఫాను బిడ్డ’ అన్నారు. అప్పటికే నా మాట వాళ్ళ మాటలా లేదని ఒక దూరం ఉండేది. ఇంట్లో కోస్తా మాట, వీధిలో ఇక్కడి మాట, రెండు చోట్లా కాస్త తప్పుగానే మాట్లాడేదాన్ని. నవ్వుతారని చివరికి ఎక్కడా మాట్లాడటం మానేశాను.

ఎనిమిదో తరగతిలో ఉండగా భానూర్ నుంచి వచ్చే సునీత అనే అమ్మాయి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. తారు వాసన గురించి ఏమీ అనలేదు. ఒక శనివారం “రేపు మా చేన్ల మక్క కంకులు కాల్చుకుందాం రా. మా అమ్మ తీసుకరమ్మన్నది,” అంది. ఒకరింటికి నన్ను రమ్మనడం అదే మొదలు. ఆ సాయంత్రమంతా లంగా ఓణీ ఏది వేసుకోవాలా అని ఆలోచించాను. మర్నాడు చర్చి నుంచి వచ్చి నేను తయారయ్యేసరికి నాన్న పొయ్యి వెలిగించి ఉన్నాడు.

“ఇవాళ కాదమ్మా,” అన్నాడు నాన్న. “తారు కాగింది. నువ్వు లేకపోతే బక్కెట్టు ఎవరందిస్తారు?”

“ఎవరూ అందించక్కర్లేదు. ఇక్కడ తుఫాను రాదు. అందరూ నవ్వుతున్నారు నాన్నా మనల్ని చూసి.”

“నవ్వనీ.”

ఆయన అప్పటికే సగం మెట్లు ఎక్కి ఉన్నాడు, చేతిలో తారు కుంచె. ఆ ‘నవ్వనీ’ అన్న మాటకి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ నవ్వు ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ పడుతోందని ఆయనకి తెలియదు, తెలిసినా లెక్కలేదు, అనుకున్నాను.

“అమ్మ పోయాక ఇప్పుడెన్ని చేస్తే ఏం లాభం?” అన్నాను గట్టిగా. “అప్పుడు చెయ్యాల్సింది!”

కుంచె నుంచి ఒక తారు చుక్క ఆయన పాదం మీద పడింది. కాలి ఉంటుంది. ఆయన కాలు కదపలేదు. కాసేపటికి ఒక్కో మెట్టే దిగి, కుంచె డబ్బాలో పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. “వెళ్ళిరా,” అన్నాడు. “చీకటి పడకముందే వచ్చెయ్.”

వెళ్ళాను. సునీత వాళ్ళమ్మ నా తలకి నూనె రాసి దువ్వింది. కంకులు కాల్చి, ఉప్పూ కారం రాసి ఇచ్చారు. తిన్నాను, వాళ్ళు నవ్వితే నవ్వాను. సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి పొయ్యి చల్లారి ఉంది. తారు డబ్బాలోనే గడ్డకట్టి, కుంచె అందులో నిలువునా ఇరుక్కుపోయింది. నాన్న డ్యూటీకి వెళ్ళిపోయాడు. అన్నం గిన్నె మీద మూత, మూత మీద పుస్తకం ఎప్పటిలాగే ఉన్నాయి.

ఆ రోజు నుంచీ ఇంట్లో మాటలు తగ్గాయి. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. పరాయి ఇంటి పిల్లతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడాడు. “అన్నం తిన్నావా”, “ఫీజు కట్టాలా”, అంతే. రేడియో పెట్టడం మానేశాడు. కప్పు మీదికి ఎక్కలేదు. సగం పూసిన పగుళ్ళు, సగం పూయని పగుళ్ళు అలాగే ఉండిపోయాయి. బాలమణత్త కూడా గమనించింది. “ఏంది బిడ్డా, ఈసారి మీ బాపు పని మధ్యలనే ఇడిసిపెట్టిండు, పానం మంచిగ లేదా?” అని అడిగింది. తప్పు మాట అన్నానని నాకు తెలుసు. అది అంత లోపలికి ఎందుకు దిగిందో మాత్రం తెలియలేదు. రోజూ బడి నుంచి వస్తూ, ఇవాళ చెప్పేస్తాను, తప్పయింది నాన్నా అంటాను, అనుకునేదాన్ని. ఇంట్లోకి వచ్చాక పుస్తకం తీసుకుని ఒక మూల కూర్చునేదాన్ని. ఇద్దరం ఒకే గదిలో, ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తూ, ఎవరి కంచంలోకి వాళ్ళం చూసుకునేవాళ్ళం. ఆ మూడు వారాలంత ఒంటరితనం నాకు ఆ తర్వాత ఆయన పోయినప్పుడు కూడా లేదు.

తర్వాత వాన పట్టుకుంది. రేడియో కట్టేసి ఉంది కనక ఎక్కడ ఏ వాయుగుండం తీరం దాటి ఇటు వచ్చిందో మాకు తెలియదు. రెండు రోజులు వదలకుండా కురిసింది. మూడో రోజు పొద్దున కర్మాగారం బస్సు రాలేదు, బడి లేదు. పైనున్న చెరువు అలుగు పారుతోందని ఎవరో అరుచుకుంటూ పోయారు. మా వీధి పల్లంలో ఉంది. ముందు మోరీలు పొంగాయి, పసుప్పచ్చటి నీళ్ళు, ముక్కు మండే మందుల వాసన. జనం గుమ్మాల్లో నిలబడి, కొట్టుకుపోతున్న చెప్పులు ఎవరివో గుర్తుపడుతూ నవ్వుకున్నారు. గంట గడిచేసరికి నీళ్ళు మా గడప దాటాయి. మంచాల కింద చేరాయి. అన్నం గిన్నె తేలింది.

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళూ దీనికోసమే సిద్ధమైన మనిషి, తీరా అది వచ్చాక కదల్లేదు. రెండు చేతులతో తలుపు చట్రం పట్టుకుని నీళ్ళకేసే చూస్తున్నాడు. పెదవులు తెల్లగా ఉన్నాయి. నాకు నీళ్ళకంటే ఆయన్ని చూస్తేనే ఎక్కువ భయమేసింది.

“నాన్నా,” అన్నాను. “ఎక్కుదామా?”

మూడు వారాల్లో నేను ఆయనతో నా అంతట నేను అన్న మొదటి మాట అది. ఆయన తల తిప్పి నన్ను చూశాడు. ఎక్కడినుంచో తిరిగి వచ్చినట్టు కళ్ళు ఆర్పాడు.

“నువ్వు ఎక్కు. నేను పక్కింటాళ్ళని తెస్తాను.”

వాళ్ళ ఇల్లు మాకంటే పల్లం, మట్టి గోడలు. భర్త డ్యూటీకి వెళ్ళి వంతెన అవతల చిక్కుకుపోయాడు. బాలమణత్త చీర మోకాళ్ళ పైకి దోపుకుని, సామాన్లు అటక మీదికి ఎక్కిస్తోంది. నేను ఎక్కకుండా గోడ పక్కనే నిలబడి అంతా చూశాను.

“పైకి రండమ్మా, జల్దీ,” అన్నాడు నాన్న. ఆయన నోట ఇక్కడి మాట వినడం అరుదు.

“మోకాల్లోతు నీళ్లే గద సారూ. తగ్గుతయి తియ్యి.”

“తగ్గవమ్మా.”

అంత నెమ్మదిగా అన్నాడు ఆ మాట. బాలమణత్త చేతిలోని బిందె కింద పెట్టేసింది. మంచం మీద పోచవ్వ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. నాన్న ఆమె ముందు నీళ్ళల్లో కూర్చుని, వీపు చూపించాడు.

“నన్ను ఇడిసిపెట్టుండ్రి బిడ్డా,” అంది పోచవ్వ. “నేను ఈన్నే పడుంట. నా తోటి నువ్వెందుకు ఆగమైతవ్?”

“మెడ పట్టుకో పెద్దమ్మా. గట్టిగా పట్టుకో,” అన్నాడు. బాలమణత్త తన పాత చీరతో ఆమెని ఆయన వీపుకి కట్టింది. ముందు నేను ఎక్కాను, నా వెనక బాలమణత్త. మొహం మీద వాన కొడుతుంటే కళ్ళు తెరవడానికి లేదు. కాళ్ళకి మాత్రం ఏ మెట్టు ఎక్కడుందో తెలుసు. ఆఖర్న నాన్న, వీపు మీద పోచవ్వతో, ఒక్కో మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కాడు. కడియాలకి తాడు కట్టి టార్పాలిన్ పరిచాడు. నలుగురం దాని కింద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నాం. పెట్టెలోంచి బెల్లం తీసి, పళ్ళు లేని పోచవ్వకి చిన్న ముక్కలు చేసి పెట్టాడు.

ఇంకో గంటకి కాబోలు, బాలమణత్త వాళ్ళ వెనక గోడ కూలింది. పెద్ద చప్పుడేం రాలేదు. తడిసి తడిసి అలసిపోయి కూర్చున్నట్టు కూలింది. పోచవ్వ మంచం ఆ గోడ వారనే ఉంది. పైనుంచి మాకు అంతా కనబడింది, మంచం కోళ్ళు ఒకసారి పైకి లేచి మట్టి కిందికి పోవడం కూడా. బాలమణత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత నాన్న వైపు తిరిగింది.

“గిదంత నీకు ముందుగాల్నే ఎట్ల ఎరుక సారూ?”

నాన్న నీళ్ళకేసే చూస్తూ చెప్పాడు. ఆమెకే చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను, విన్నాను.

“మా ఇంటావిడ ఉత్తరం రాసిందమ్మా. కప్పు దిగబడింది, దూలం చీకిపోయింది, వానల్లోపు వచ్చి బాగుచేసి వెళ్ళమని. సెలవు దొరకలేదని రాశాను. దొరికింది. నాలుగు రోజులు దొరికింది. ఆ నాలుగు రోజులూ ఇదిగో, ఈ ఇంటికి పునాది తవ్వించుకున్నాను. ఎలాగూ వాళ్ళని ఇక్కడికే తెచ్చేస్తాను గదా, ఆ కొంపకి మళ్ళీ కప్పెందుకులే అనుకున్నాను.”

వాన టార్పాలిన్ మీద పడుతూనే ఉంది. బాలమణత్త అంది. “ఉప్పెనొస్తె కప్పు మంచిగున్నా ఏం ఫాయిద సారూ? అన్ని నీళ్లల్ల ఎవ్వరు బతుకుతరు?”

“మా పక్కింటాళ్ళు బతికారు. కప్పు మీదికెక్కి పట్టుకుని కూర్చున్నారు. మా కప్పు మనిషి బరువు ఆపేది కాదు.”

ఇన్నాళ్ళూ ఈ పనులన్నీ కప్పు ఎగిరిపోకుండా చేస్తున్నాడనుకున్నాను. మనుషులు ఎక్కి కూర్చోవడానికి చేస్తున్నాడు. నేనన్న మాట ఎక్కడ తగిలిందో అప్పుడు అర్థమైంది. జరుగుతూ జరుగుతూ ఆయన పక్కకి చేరాను. “నాన్నా, నాకు తెలీదు,” అన్నాను.

“తెలిస్తే అనేదానివి కాదు, నాకు తెలుసు,” అన్నాడు. “కానీ అన్నది నిజమే గదమ్మా.”

క్షమించానని అనలేదు. క్షమాపణ అడగాల్సింది తానేనని, అదీ అమ్మనని ఆయనకి తెలుసు. బెల్లం ముక్క ఒకటి నా చేతిలో పెట్టి, నా వేళ్ళు మూశాడు. అప్పుడు పోచవ్వ, అంతసేపూ వింటోందో నిద్రపోతోందో తెలియని ముసలామె, చెయ్యి చాపి ఆయన తడి తల మీద పెట్టింది.

“నన్నైతె ఎక్కిచ్చినవ్ గద బిడ్డా,” అంది.

నాన్న మొహం పక్కకి తిప్పుకుని వానలోకి పెట్టాడు.

సాయంత్రానికి నీళ్ళు తీశాయి. మా వీధిలో ప్రాణనష్టం లేదు. గోడ మళ్ళీ లేచేదాకా బాలమణత్త వాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ కొద్ది రోజులూ నేను తాళం చెవి మెళ్ళో వేసుకోలేదు. బడి నుంచి వస్తే తలుపు తీసే ఉండేది, పొయ్యి మీద జొన్న రొట్టె కాలుతుండేది. పోచవ్వ నా చేత నీళ్ళు తెప్పించుకుని, పేరు పేరునా వీధిలో అందర్నీ తిట్టేది. నాన్న రొట్టె తుంచుకుంటూ ఊరి సంగతులు చెప్పాడు. అమ్మకి ఈత వచ్చని, అమ్మకి కోపం ఎక్కువని ఆ రోజుల్లోనే విన్నాను, నాకు కాదు, బాలమణత్తకి చెబుతుంటే. ఆమె ఆయన్ని సారూ అనడం మాని అన్నా అంది. గోడ లేచాక వాళ్ళు వెళ్ళిపోయారు, వెళ్ళింది పక్కింటికే. అయినా ఆ సాయంత్రం మా ఇంట్లో గిన్నె పెట్టిన చప్పుడు కూడా పెద్దగా వినబడింది.

తర్వాత కూడా ఏటా దసరా వెళ్ళగానే పని మొదలయ్యేది. ఆ వీధిలో ఒకరిద్దరు తమ కప్పులు చూసిపెట్టమని నాన్నని పిలిచారు, మిగతావాళ్ళు నవ్వడం మానలేదు. నన్ను కళ్ళు మూసుకుని ఎక్కమనడం మాత్రం మానేశాడు. ఉత్తరం సంగతి మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఇద్దరు మనుషులు ఒకే కప్పు కింద, ఒక్క విషయం చుట్టూ తిరుగుతూ, దాన్ని తాకకుండా అన్నేళ్ళు బతకొచ్చని ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. నేను టీచరునయ్యాను, పెళ్ళి మాట వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. నాన్న రిటైరయ్యాడు. బాలమణత్త వాళ్ళు పోచవ్వ పోయాక ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళారు. ఆ పక్కింట్లో తర్వాత ఎవరెవరున్నారో నాకు పేర్లు కూడా తెలియదు.

చివరి ఏడాది ఆయన మోకాళ్ళు పనిచేయలేదు. కింద కుర్చీలో కూర్చుని, నన్ను పైకి పంపాడు. ఆ రోజు నాకు బళ్ళో పరీక్షలు, బస్సు టైమవుతోంది.

“పగుళ్ళున్నాయా అమ్మా?” అని కిందినుంచి అడిగాడు.

ఉన్నాయి. మూడు చోట్ల వేలు దూరేంత ఉన్నాయి. “లేవు నాన్నా. బాగుంది,” అన్నాను.

“సరిగ్గా చూశావా?”

“చూశాను.”

ఆయన తలూపాడు. చలికాలం రాకముందే సంగారెడ్డి ఆసుపత్రిలో పోయాడు. ఆ అబద్ధానికి పెద్ద చెడేమీ జరగలేదు, వానకి నాలుగు చుక్కలు కారాయంతే. కానీ సెలవు దొరకలేదని రాసిన మనిషి ఆ ఒక్క వాక్యాన్ని ఎలా మోశాడో ఆ తర్వాత నాకు కొంచెం కొంచెంగా తెలిసొచ్చింది.

ఇప్పుడు పోతిరెడ్డిపల్లిలో అన్నిటికంటే పైనున్న మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాను. కప్పు నాది కాదు, గోడలు నావి కావు, ఒక్క రంగు మాత్రం నా ఇష్టం. వాన వస్తుందంటే చేతిలో ఫోనే చెబుతుంది, గంట గంటకీ. ఏ జిల్లాకి ఏ రంగు హెచ్చరికో అందరికీ తెలుస్తుంది, అందరూ వేలితో పక్కకి తోసేస్తారు. నాన్న రోజంతా చెవి ఒగ్గి ఎదురుచూసిన సమాచారం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేనంత దొరుకుతోంది. ఇల్లు గట్టిది, నిజమే. ఎదురు ఫ్లాట్‌లో ఉండేది భార్యాభర్తలని చెప్పుల్ని బట్టి తెలుసు. కింద ఒక పెద్దాయన వీల్ చైర్‌లో ఉంటాడని లిఫ్ట్ చెడిపోయిన రోజున తెలిసింది. నీళ్ళొస్తే ఆయన్ని ఎవరు వీపున వేసుకుంటారని ఆ రోజు ఒక ఆలోచన వచ్చింది. అడగడానికి ఆయన పేరు తెలియదు.

పోయిన వారం రెండు రోజులు వదలకుండా వాన. రెండో రోజు మధ్యాహ్నం పడగ్గది గోడ మీద, పైమూల చెమ్మ కనబడింది. మా ఫ్లాట్ల వాళ్ళ గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఒకరు బొటనవేలు గుర్తు పెట్టారు. సాయంత్రందాకా చూసి, కిందికి దిగి వాచ్‌మన్‌ని టెర్రస్ తాళం చెవి అడిగాను.

“ఇంత వానల పైకెందుకు మేడం? రేపు ప్లంబర్‌ను పిలుస్త.”

“ఊరికే చూసొస్తాను. ఇవ్వు.”

గొడుగు గాలికి నిలవలేదు, మడిచి తలుపు దగ్గర పెట్టేశాను. టెర్రస్ మీద చీలమండ దాకా నీళ్ళు నిలిచి ఉన్నాయి. నీళ్ళు పోయే గొట్టం మూతి ఎక్కడుందో తెలియక గోడ వెంబడి కాళ్ళతో తడుముకుంటూ ఒక చుట్టు తిరిగాను. ఈశాన్య మూలలో దొరికింది. కూర్చుని చెయ్యి పెట్టాను. పాల ప్యాకెట్లు, గాలిపటం ముక్క, మురిగిన ఆకులు, అన్నీ ముద్దగా వచ్చాయి. నీళ్ళు ఒక్క క్షణం ఆగి, సుడి తిరిగి, గడగడమని లోపలికి దిగాయి. మొత్తం పోయేదాకా అక్కడే నిలబడ్డాను, అరగంట పట్టింది. దూరంగా ఫ్యాక్టరీల దీపాలు వానలో మసకగా వెలుగుతున్నాయి.

తాళం చెవి ఇచ్చేస్తుంటే వాచ్‌మన్ నా బట్టలు చూసి “ఏమైంది మేడం?” అన్నాడు.

“ఏం లేదు,” అన్నాను. “కింద ఆ వీల్ చైర్ పెద్దాయన పేరేమిటి?”

అతను కాస్త ఆలోచించాడు. “ఎరుకలేదు మేడం. నూటరెండు ఆయన.”

తడిసిన బట్టలతోనే వెళ్ళి నూటరెండు తలుపు కొట్టాను. లోపల కుర్చీ చక్రాలు కదిలిన చప్పుడు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. గడియ తీయడం ఆయనకి కష్టమనుకుంటాను. నాకు తొందరేం లేదు. నిలబడ్డాను.